చావింటి కాపలా

మా మేపుల్ వాగు లోయలో ఎవరైనా పోతే మొదట పాస్టరు గారికి కబురు పెడతారు, తర్వాత నాకు, ఆ తర్వాత ఐసీ పిన్నికి. పాస్టరు ప్రార్థన చేస్తాడు. నేను పోయినవాళ్ళ జుట్టు దువ్వి, బతికుండగా ఎలా ఉండేవాళ్ళో అలా తయారుచేసి పంపిస్తాను. బతికున్నవాళ్ళ జుట్టు కత్తిరించేదీ నేనే కాబట్టి ఎవరిది ఏ వైపు పాపిడో నాకు తెలుసు. ఐసీ పిన్ని మాత్రం సమాధి దగ్గరికి రాదు. ఊరంతా శవపేటిక వెనక కొండెక్కితే, ఆవిడ పోయినవాళ్ళ వంటగదిలో నడుముకి రివాల్వరు పెట్టుకుని కూర్చుంటుంది.

ఇదేం విడ్డూరం అనేవాళ్ళు పొద్దున్నే మా జిల్లా రేడియో పెట్టి వినాలి. వాతావరణం అయిపోగానే చావు కబుర్లు చదువుతారు. పోయిందెవరు, ఏ చర్చిలో ప్రార్థన, ఎన్ని గంటలకు, ఏ కొండమీద పూడుస్తారు, అన్నీ. దొంగకి తాళం చెవి ఇచ్చి దారి చూపించినట్టే. ఆ ఇంట్లో సాయంత్రం దాకా పిట్ట కూడా ఉండదని, రోగి తాలూకు నొప్పి మాత్రలు బీరువాలో అలాగే ఉంటాయని వినేవాడికి చెప్పక్కర్లేదు. మా కొండల్లో ఆ మాత్రల కోసం తల్లి ఇంటికే కన్నం వేసినవాళ్ళున్నారు.

ఐసీ పిన్నికి ఈ సంగతి హోబర్ట్ పోయిన రోజున తెలిసింది. హోబర్ట్ అంటే ఆవిడ మొగుడు, బొగ్గు లారీ తోలేవాడు. మంచం పక్క సొరుగులో పిస్తోలు పెట్టుకుని, "ఎవడన్నా రానీ, వాడి అంతు చూస్తా" అనేవాడు. ఎవడూ రాలేదు, గుండెపోటు వచ్చింది. ఆయన్ని పూడ్చి అందరం కొండ దిగేసరికి వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. సొరుగులన్నీ నేలమీద బోర్లించి ఉన్నాయి. టీవీ పోయింది, మందులు పోయాయి, ఆయన చేతి గడియారం పోయింది. ఇంటికి కాపలా అని కొన్న పిస్తోలు దొంగ జేబులో కూర్చుని దర్జాగా వెళ్ళిపోయింది. అన్నిటికన్నా పిన్ని ఒళ్ళు మండిన సంగతి ఏమిటంటే, వాడెవడో తీరిగ్గా బల్ల ముందు కూర్చుని, ఇరుగుపొరుగు తెచ్చిపెట్టిన ఆపిల్ కేకు ఒక ముక్క కోసుకుని తిని పోయాడు. ఎంగిలి ప్లేటు అక్కడే వదిలేశాడు.

పిన్ని ఆ ప్లేటుని కడగలేదు, చెత్తబుట్టలో పడేసింది. ఆ తర్వాత పట్నం వెళ్ళి సొంతంగా రివాల్వరు కొనుక్కుంది. నేర్పేవాళ్ళ దగ్గర పద్ధతిగా నేర్చుకుంది. వాళ్ళింటి వెనక మట్టిగట్టుకి ఆ ఏడాది పట్టిన గతి చూడాలి. లోయలో ఇంకొకరు పోయినప్పుడు వెళ్ళి, "మీరంతా కొండెక్కండి, ఇల్లు నేను చూసుకుంటా" అంది. అప్పటి నుంచి అది ఆవిడ పని అయిపోయింది. పెళ్ళికి పిలవకపోయినా సర్దుకుంటుంది గానీ, చావుకి పిలవకపోతే మొహం మాడ్చుకుంటుంది.

ఆవిడ మహా సాధువని అనుకునేరు. బడి వంటశాలలో ముప్పావు జీవితం గడిపిన మనిషి, గొంతు విప్పితే అవతలి ఒడ్డున ఆవులు తలెత్తి చూస్తాయి. చావింట్లో ఆవిడ పెట్టిన చట్టం ఒకటుంది. మా దగ్గర అందరూ వెనక తలుపు నుంచే వస్తారు; ముందు తలుపు వాడేది పాస్టరు, అప్పులవాడు, జనాభా లెక్కలవాడు. చావింటికి వంటకాలు తెచ్చేవాళ్ళు తలుపు కొట్టే అలవాటు కూడా లేదు, తోసుకుని వచ్చి బల్లమీద పెట్టి పోతారు. పిన్ని అది కుదరదంది. పెరటి గేటు దగ్గర నిలబడి కేకెయ్యాలి, పేరూ చెప్పాలి, తెచ్చిన వంటకమూ చెప్పాలి. "నేను ఓనాని, చికెన్ కుడుములు" అంటే లోపలికి రానిస్తుంది. ఒకసారి పాస్టరు గారి భార్య, తనకేం చట్టమనుకుందో ఏమో, కేకెయ్యకుండా తలుపు తోసింది. పొయ్యి వెనక నుంచి పిన్ని "ఆగు" అన్న ఒక్క మాటకి అరటిపండ్ల పాయసం గిన్నె నేల పాలయింది. ఆనాటి నుంచి మా లోయలో చావు లేని ఇంటికి వెళ్ళినా జనం గేటు దగ్గర నిలబడి కూర పేరు చెబుతున్నారు.

ఇన్నేళ్ళలో పిన్ని ఎవరినీ కాల్చలేదు. రివాల్వరు ఒరలోంచి తీసింది కూడా తక్కువే. దొంగతనాలు మాత్రం ఆగిపోయాయి. దీనికి ఆవిడ చెల్లించిన మూల్యం ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, డెల్ఫియా అత్త చెప్పేదాకా.

డెల్ఫియా అత్త, ఐసీ పిన్ని బడి వంటశాలలో ఒకే పొయ్యి దగ్గర పనిచేశారు. ఉప్పు దగ్గర మొదలైన తగవు నలభై ఏళ్ళు నడిచింది, స్నేహం కూడా దానితోపాటే నడిచింది. ఆ ఎండాకాలం డెల్ఫియా అత్తకి ఊపిరితిత్తుల్లో జబ్బు ముదిరింది. ఇక ఆసుపత్రి వద్దని ఇంటికి తీసుకొచ్చేశారు. నేను వారం వారం వెళ్ళి తల కడిగేదాన్ని. ఒకరోజు పిన్ని మంచం పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"ఒసే ఐసీ," అంది డెల్ఫియా అత్త. "నువ్వు నా వంటింట్లో నా గిన్నెలకి కాపలా కూర్చుంటే, నన్ను కొండమీద మా ఆయన ఎస్టిల్ చుట్టాల మధ్య ఒక్కదాన్నే వదిలేస్తారా? కుదరదే. నువ్వు రావాల."

"ఇప్పుడెందుకే ఆ మాటలు. కాయలు వలవనీ."

"నిజం చెప్పు. ఈ లోయలో నీకిష్టమైనోళ్ళు ఎంతమంది పోయారు? ఒక్కళ్ళని సాగనంపావా? అందరి గిన్నెల్నీ సాగనంపావు."

పిన్ని చేతిలోని కాయ గిన్నెలో పడేసింది. "మరి ఇల్లెవరు చూస్తారు?" అంది.

"ట్రీవా చూస్తది."

ట్రీవా అంటే నేనే. తల కడుగుతున్న చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఇదా?" అంది పిన్ని. "కత్తెరిస్తేనే చెవి తెంపుద్ది. దీని చేతికి తుపాకీ ఇస్తే ఊరు ఖాళీ."

"నీ చెవి ఎప్పుడు తెంపాను పిన్నీ?"

"పోయిన క్రిస్మస్‌కి. గాటు పడింది."

"రేడియోలో ఎవరో పోయారన్నారని తల గిర్రున తిప్పావ్. నాదా తప్పు?"

డెల్ఫియా అత్త నవ్వింది, నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక పిన్ని చెయ్యి పట్టుకుని, "మాటియ్యవే" అంది. పిన్ని ఇచ్చింది. ఆ వారం నుంచే నా చదువు మొదలు.

చదువు డెల్ఫియా అత్త పెరట్లోనే. ఇంటికి వెనక నిలువెత్తు మట్టిగట్టు ఉంది, దాని ముందు టమాటా డబ్బాలు పెట్టేవాళ్ళం. పిన్ని మొదటి రోజంతా నాకు తూటా ఇవ్వలేదు. ఖాళీ రివాల్వరు పట్టుకోవడం, ఖాళీదేనా అని ప్రతిసారీ తెరిచి చూడటం, అంతే.

"వేలు ట్రిగ్గరుకి బయట పెట్టు," అనేది. "పక్కనున్న ఇనుము మీద చాపి ఉంచు. కాల్చక తప్పదని నీకు గట్టిగా అనిపించాకే లోపలికి. భయమేస్తే వేలు దానంతటదే ముడుచుకుంటది. అందుకే బయట."

"మరి దొంగ ముందు గదిలో ఉంటే?"

"ఉండనీ. నువ్వు వెతుక్కుంటా పోవద్దు. నీ చోటు వంటింట్లో పొయ్యి పక్కన. నిన్ను చూడాలంటే వాడే రావాల. ఫోన్ చెయ్యి, గొంతెత్తి చెప్పు, ఇంట్లో మనిషున్నానని. వాడు ఖాళీ ఇంటికని వచ్చాడు, నీకోసం రాలేదు. మనిషుందంటే వచ్చిన దారినే పోతాడు."

"టీవీ పట్టుకుని పోతుంటే?"

"పట్టుకుపోనీ. టీవీ కోసం మనిషిని చంపుతావటే? నీ మీదికొస్తేనే. ఇంకోటి, ఎవరొచ్చినా మొహం చూడబాకు ముందు. చేతులు చూడు. చేతుల్లో ఏముందో చూశాక, మొహం చూద్దువుగాని."

తూటాలు పెట్టిన రోజున నేను కళ్ళు మూసుకుని కాల్చాను. చెవులకి గుడ్డలు పెట్టుకున్నా గుండె గుభేల్‌మంది. డబ్బాలు మూడూ చెక్కు చెదరలేదు. పడకగది కిటికీలోంచి సన్నటి గొంతు వినపడింది.

"ట్రీవా, కొండకన్నా తగిలిందా?"

"తగిలింది అత్తా."

"పాపం, కొండ."

అలా ఎండాకాలం గడిచింది. ఆకులు ఎర్రబడేనాటికి డబ్బాలు పడటం మొదలుపెట్టాయి. డబ్బా పడ్డప్పుడల్లా లోపల నుంచి డెల్ఫియా అత్త చెంచాతో గ్లాసు మీద కొట్టేది. తర్వాత్తర్వాత గ్లాసు చప్పుడు తగ్గింది. ఒకరోజు మేము డబ్బాలు నిలబెట్టకుండానే ఇంటికి వచ్చేశాం. రెండు రోజులకి ఆవిడ పోయింది.

నేను ఆవిడ జుట్టు చేశాను. ఎప్పట్లాగే ఎడమ పాపిడి, చెవుల మీద వంకీలు. ఏడుపొస్తుందని తొందరగా ముగించలేదు, మెల్లగానే చేశాను. ఆ సాయంత్రం పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి తల సరిచేసి, వద్దు వద్దంటున్నా గోళ్ళకి లేత గులాబీ రంగు వేశాను. ఇన్నేళ్ళకి నలుగురితోపాటు సమాధి దగ్గరికి పోతోంది, చావైతే మాత్రం ఏం, మనిషి పద్ధతిగా ఉండాలి.

మర్నాడు చర్చిలో ప్రార్థన అయ్యాక శవపెట్టె కొండెక్కే వేళకి పిన్ని నాకు రివాల్వరు ఇచ్చింది. తెరిచి చూపించింది, మూసింది. డెల్ఫియా అత్త మొగుడు ఎస్టిల్ మామయ్య ముందు తలుపు తాళం చెవి తీసి, "నీ దగ్గర ఉంచుకో ఐసీ, నువ్వైతే పారేసుకోవు" అని పిన్ని చేతిలో పెట్టాడు. పిన్ని గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి గడియ చూసింది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చి కిటికీ చూసింది.

"పిన్నీ, ఇక పో," అన్నాను.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. బల్లమీద బంగాళాదుంపలు, చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, నాలుగైదు రకాల కేకులు. పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని వెనక తలుపుకేసి చూస్తూ కూర్చున్నాను. గేటు దగ్గర ఓనా "గుడ్ల సలాడు" అని అరిచి, ఇచ్చి వెళ్ళింది. ఆ తర్వాత ఎవరూ లేరు. డెల్ఫియా అత్త ఏప్రాన్ తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. దాన్ని చూడకుండా ఉండటానికి అవస్థ పడ్డాను.

అప్పుడు ముందు తలుపులో తాళం తిరిగింది.

కేక లేదు. పేరు లేదు. నేను లేచి పొయ్యి పక్కకి జరిగాను. రివాల్వరు చేతిలోకి వచ్చింది, వేలు ఇనుము మీద చాచి ఉంది. "ఇంట్లో మనిషున్నాను. ఎవరది?" అన్నాను. జవాబు లేదు. ముందు గదిలో అడుగులు, ఒకటి తర్వాత ఒకటి, తడబడుతున్నట్టు. ఆ అడుగులు వంటింటి గుమ్మం దాకా వచ్చాయి, ఒక చెయ్యి గుమ్మాన్ని పట్టుకుంది. ఆ చేతికి గోళ్ళు లేత గులాబీ రంగులో ఉన్నాయి.

నేను రివాల్వరు కిందికి దించి ఒరలో పెట్టాను.

"కేకెయ్యలేదేంటి పిన్నీ?"

"వెయ్యలేదా?" ఆవిడ నా వైపు చూసింది, నా నడుం వైపు చూసింది, కుర్చీలో కూలబడింది. "ఎప్పుడూ నేను లోపలే గదే ఉండేది. బయట నుంచి రావటం నాకు అలవాటేదీ."

"అయిపోయిందా అక్కడ?"

"లేదు. గార్లండ్ ఇంకా ప్రార్థనలోనే ఉన్నాడు."

మా పాస్టరు గార్లండ్ ప్రార్థన మొదలుపెడితే దేవుడు కూడా కునుకు తీయాల్సిందే. అంటే ఇంకా పెట్టె దించలేదన్నమాట.

"మరెందుకొచ్చావ్?"

పిన్ని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అందరితోపాటు కళ్ళు మూసుకున్నానే. డెల్ఫియా కనపడలా. ఈ తలుపు కనపడింది. గడియ పడిందా, నువ్వు కునుకు తీశావా, అదే. నీకో సంగతి చెప్పనా, హోబర్ట్‌ని పూడ్చిన రోజు నాకు గుర్తులేదు. పెట్టె ఎవరు మోశారో, ఏం పాట పాడారో, వానా ఎండా ఏదీ గుర్తులేదు. ఆ రోజు తల్చుకుంటే సొరుగులూ, ఆ ఎంగిలి ప్లేటూ. మొగుణ్ణి సాగనంపిన రోజుని కూడా ఎత్తుకుపోయాడే ఆ దొంగ వెధవ." కళ్ళద్దాలు తీసి తుడుచుకుని చెయ్యి చాపింది. "అది ఇటియ్యి. నువ్వెళ్ళు. నేనుంటా. నాకు తెలిసింది ఇదొక్కటే."

నాకు ఒళ్ళు మండింది. అంత జాలేసినప్పుడు అంత కోపమెందుకొచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

"ఇవ్వను," అన్నాను.

"ఏందీ?"

"ఇవ్వనంటున్నా. డెల్ఫియా అత్త రమ్మంది నిన్ను, నన్ను కాదు. మాటిచ్చింది నువ్వు. నాకేం చేతకాదనేగా నీ భయం? ఇప్పుడే నిన్ను చంపకుండా వదిలిపెట్టాను. వేలు బయట పెట్టి, చేతులు చూసి. ఇంతకన్నా పెద్ద పరీక్ష ఇంకేం పెడతావ్ నాకు?"

పిన్ని చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ ఇంట్లో ఏం పోయినా మళ్ళీ కొనుక్కోవచ్చు," అన్నాను మెల్లగా. "పో పిన్నీ. పెట్టె దించేస్తారు."

ఆవిడ లేచింది. తాళం చెవి బల్లమీద పెట్టింది. వెనక తలుపు తెరుచుకుని మెట్లు దిగింది, గేటు దాటింది. కొండ దారిలో ఆ నల్ల గౌను చెట్ల మధ్య కనపడినంతసేపూ చూశాను. వెనక్కి తిరిగి చూడలేదు. నేను ముందు తలుపు గడియ కూడా వేసి వచ్చి కూర్చున్నాను.

కొండమీద పాట మొదలైంది. పాట గాలికి తెరలు తెరలుగా వస్తుంటే, పెరటి గేటు కిర్రుమంది. కేక కోసం చూశాను. రాలేదు. ఈసారి పిన్ని కాదని అడుగుల్లోనే తెలిసింది, బూట్లు, వయసులో ఉన్న మనిషివి. మెట్ల దగ్గర ఆగి ఆగి ఎక్కుతున్నాడు. లేచి పొయ్యి పక్కకి వెళ్ళాను. తలుపు అద్దం మీద తెర సందులోంచి చేతులు చూశాను. గిన్నె లేదు, పళ్ళెం లేదు. ఒక చేతిలో మడతపెట్టిన ఖాళీ దిండు గలీబు. రెండో చెయ్యి తలుపు పిడి మీద. పిడి తిరిగింది, గడియ ఆపింది.

"ఇంట్లో మనిషున్నాను," అన్నాను. గొంతు నాది కాదేమో అన్నంత నిదానంగా వచ్చింది. "నా చేతిలో తుపాకీ ఉంది. పోలీసులకి ఫోన్ చేస్తున్నా. మెట్లు దిగు."

పిడి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఇది డ్వేన్ వాళ్ళిల్లు కాదా?" అన్నాడు.

"కాదు బాబూ. ఇది ఈ పొద్దున రేడియోలో విన్నావే, ఆ ఇల్లు."

చెయ్యి పిడిని వదిలింది. బూట్లు మెట్లు దిగాయి, గేటు మళ్ళీ కిర్రుమంది, తెర తొలగించి చూసేసరికి రోడ్డు మీద ఒక కుర్రాడు పాత బండెక్కి పోతున్నాడు. నేను ఫోన్ చేసి మనిషి ఆనవాళ్ళు, బండి రంగు చెప్పాను. తర్వాత పొయ్యికి ఆనుకుని నిలబడి కొండమీది పాట విన్నాను. రెండో చరణం దగ్గర అందరూ తడబడ్డారు. ఆ చరణం ఎప్పుడూ డెల్ఫియా అత్తే ఎత్తుకునేది.

మధ్యాహ్నం వాలాక జనం కొండ దిగారు. ఇల్లు నిండిపోయింది, పళ్ళేల చప్పుడు, పిల్లల గోల. ఎస్టిల్ మామయ్యని పక్కకి పిలిచి జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన నా భుజం తట్టి, "ఐసీకి ఇప్పుడే చెప్పమాక" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

పిన్ని అందరికన్నా వెనక వచ్చింది. గౌను అంచుకి ఎర్రమట్టి, బూట్లకి ఎర్రమట్టి. మా దగ్గర సమాధి పూడ్చేది చుట్టాలూ పక్కాలే, పారలు చేతులు మారతాయి. పిన్ని ఎవరికీ మార్చలేదట, చివరికి ఎస్టిల్ మామయ్య తమ్ముడు బతిమాలి లాక్కున్నాడట. చిక్కుడు గింజలు, రొట్టె పెట్టిస్తే నా ఎదురుగా కూర్చుంది.

"ట్రీవా, ముందు ఎడమ పక్క మోసినోడు జారాడే," అంది. "పెట్టె ఇట్టా వొంగింది. ఎస్టిల్ అన్నయ్య చేత్తో ఆపాడు, 'నెమ్మదిరా, అది నిద్రలో పక్కకి దొర్లితే నన్నే తన్నుద్ది' అన్నాడు. అందరూ ఏడుస్తా నవ్వారు. గార్లండ్ ప్రార్థన నేను పోయేసరికి ఇంకా అవలా, చూడు. ఎండ బాగుంది. పాటలో రెండో చరణం ఎవరికీ రాలే. నేనెత్తుకున్నా. నా గొంతు నీకు తెలుసుగా, అయినా ఎత్తుకున్నా. మొదటి మట్టి పిడికెడు ఎస్టిల్ అన్నయ్య వేశాడు, రెండోది నన్ను వెయ్యమన్నాడు. చల్లగా ఉందే మట్టి."

తినడం మధ్యలో ఆపి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఓనా వచ్చి పక్కన కూర్చుంటే ఆవిడకీ చెప్పింది, ఎండ సంగతి, జారిన కాలు సంగతి, పాట సంగతి, ఒక్కటీ వదలకుండా. రివాల్వరు నా ఏప్రాన్ కింద నడుముకే ఉంది. అడుగుతుందేమోనని చూశాను. ఆవిడ ఇంకో రొట్టె ముక్క తీసుకుంది, డెల్ఫియా అత్త పెట్టెలో నేను దువ్విన జుట్టు ఎంత బాగుందో చెప్పింది. ఇల్లెలా ఉంది, ఎవరన్నా వచ్చారా అని మాత్రం సాయంత్రం దాకా ఒక్కసారీ అడగలేదు.